పరిశోధకుల పేపర్లను ఎలా చదవాలి: డాక్టర్ సువర్ణ అల్లాడి గారి పని ఉదాహరణగా

మీరు ఎమ్మెస్సీ సైకాలజీ చివరి ఏడాదిలో ఉన్నానని, కాగ్నిటివ్ న్యూరోసైన్స్‌లో పీహెచ్‌డీకి గైడ్ కోసం వెతుకుతున్నానని రాశారు. ప్రొఫైళ్లు తెరిస్తే ఒకరికి వేల సైటేషన్లు (ఇతర పేపర్లలో ఆ పనిని పేర్కొన్న సందర్భాలు), మరొకరికి వందల్లోనే ఉన్నాయని, ఎవరి పని నిజంగా విలువైనదో తేల్చుకోలేక టెన్షన్ పడుతున్నానని అన్నారు. మన ప్రాంతంలో చేసిన పని ఏదైనా ప్రపంచం పట్టించుకునే స్థాయికి వెళ్లిందా అని కూడా అడిగారు. రెండు ప్రశ్నలకూ ఒకే ఉదాహరణతో జవాబు చెప్పొచ్చు కాబట్టి కొంచెం వివరంగా రాస్తున్నాను. పదిహేడేళ్లుగా జ్ఞాపకశక్తి పరీక్షల మీద పనిచేస్తున్న అనుభవంతో చెబుతున్న మాటలివి.

ముందు అంకెల సంగతి. ప్రొఫైళ్లలో కనిపించే హెచ్-ఇండెక్స్ అనే కొలతను 2005లో హోర్హే హిర్ష్ అనే భౌతికశాస్త్రవేత్త ప్రతిపాదించారు. ఒకరికి హెచ్-ఇండెక్స్ 30 ఉందంటే, ఒక్కోదానికి కనీసం 30 సైటేషన్లు వచ్చిన పేపర్లు ఆయనకు 30 ఉన్నాయని అర్థం. అది వయసుతో పాటు పెరుగుతుందే గానీ తగ్గదు. కాబట్టి ముప్పై ఏళ్ల సర్వీసు ఉన్నవాళ్లనీ, ఎనిమిదేళ్ల క్రితం ల్యాబ్ పెట్టినవాళ్లనీ ఆ అంకెతో పోల్చడం అన్యాయం. వందమంది రచయితలున్న పెద్ద బ్రెయిన్ స్కాన్ పేపర్లలో పేరుంటే అంకె ఇంకా వేగంగా పెరుగుతుంది. "ఈ పేపర్ తప్పు" అని రాస్తూ పేర్కొన్నా అది సైటేషన్‌గానే లెక్కలోకి వస్తుంది. గూగుల్ స్కాలర్ థీసిస్‌లు, ప్రీప్రింట్లు (జర్నల్ సమీక్షకు ముందే బయట పెట్టిన పేపర్లు) కూడా కలుపుతుంది కాబట్టి అక్కడి సంఖ్య సాధారణంగా స్కోపస్ అనే పేపర్ల డేటాబేస్‌లోని సంఖ్య కన్నా ఎక్కువ ఉంటుంది. ఒకే మనిషిని రెండు చోట్ల చూసి కంగారు పడకండి.

తెలుగువాళ్ల పేర్లతో ఇంకో చిక్కుంది. మనం ఇంటిపేరు ముందు రాస్తాం, జర్నళ్లు చివర ఉన్నదాన్ని ఇంటిపేరు అనుకుంటాయి. దాంతో ఒకే మనిషి పని రెండు పేర్ల కింద చీలిపోతుంది. ఉస్మానియాలో భాషాశాస్త్రం చెప్పిన దుగ్గిరాల వసంత గారి పేరు ఒక పేపర్‌లో దుగ్గిరాల ఇంటిపేరుగా, మరో రచనలో వసంతే ఇంటిపేరైనట్టుగా కనిపిస్తుంది. కాబట్టి మన ప్రాంతపు పరిశోధకుల కోసం వెతికేటప్పుడు పేరును రెండు రకాలుగానూ వెతకండి. మీ మొదటి పేపర్ పంపే ముందే ఆర్కిడ్ నంబరు (పరిశోధకులకు ఇచ్చే ప్రత్యేక గుర్తింపు సంఖ్య) తీసుకోండి.

అంకెలు పక్కన పెడితే మరి దేన్ని చూడాలి? నేను చూసేది ఒకటే. ఆ మనిషి పేపర్లను ఏళ్ల వరసలో పెట్టి చదివితే ఒక ప్రశ్న నడుస్తూ కనిపించాలి. ఒక పేపర్ మిగిల్చిన సందేహాన్ని తరవాతి పేపర్ అందుకోవాలి. ఇది కనిపించాలంటే ఉదాహరణ కావాలి, అందుకే డాక్టర్ సువర్ణ అల్లాడి గారి పని ఎంచుకున్నాను. ఆమె న్యూరాలజిస్టు, అంటే మెదడు, నరాల డాక్టర్. హైదరాబాద్ పంజాగుట్టలోని నిమ్స్ ఆసుపత్రిలో చాలాకాలం పనిచేసి, తరవాత బెంగళూరులోని మానసిక ఆరోగ్య, నరాల వైద్య సంస్థ నిమ్హాన్స్‌కు వెళ్లారు. నాకు ఆమెతో వ్యక్తిగత పరిచయం లేదు. అచ్చయిన పేపర్లు చదివి చెబుతున్నదే ఇదంతా.

ఎక్కువమందికి తెలిసిన ఆమె పేపర్ 2013లో న్యూరాలజీ అనే జర్నల్‌లో వచ్చింది. నిమ్స్ మెమరీ క్లినిక్‌కు వచ్చిన 648 మంది డిమెన్షియా (జ్ఞాపకశక్తి, ఆలోచనాశక్తి క్రమంగా తగ్గిపోయే జబ్బు) రోగుల రికార్డులను పరిశీలించారు. వాళ్లలో 391 మంది రెండు గానీ అంతకన్నా ఎక్కువ గానీ భాషలు మాట్లాడేవాళ్లు. ఒకే భాష మాట్లాడేవాళ్లలో జబ్బు లక్షణాలు సగటున 61.1 ఏళ్లకు మొదలైతే, రెండో గుంపులో 65.6 ఏళ్లకు మొదలయ్యాయి. అంటే నాలుగున్నరేళ్ల తేడా. పత్రికల్లో "రెండు భాషలు వస్తే మతిమరుపు ఆలస్యం" అని వచ్చిన వార్తలు మీరూ చూసే ఉంటారు.

అయితే ఆ నాలుగున్నరేళ్ల అంకె అంతకు ముందు ఎవరికీ తెలియనిదేమీ కాదు. 2007లోనే టొరంటోలో ఎలెన్ బియాలిస్టాక్, ఫెర్గస్ క్రైక్, మోరిస్ ఫ్రీడ్‌మన్ 184 మంది రోగులను చూసి దాదాపు నాలుగేళ్ల తేడా ఉందని రాశారు. మరి ఆరేళ్ల తరవాత హైదరాబాద్ పేపర్‌కు అంత పేరెందుకు వచ్చింది? టొరంటో పని మీద ఒక గట్టి అభ్యంతరం ఉండేది. అక్కడ రెండు భాషలు మాట్లాడేవాళ్లలో ఎక్కువమంది వేరే దేశాల నుంచి వలస వచ్చినవాళ్లు. పుట్టిన దేశం వదిలి కొత్తచోట నిలదొక్కుకోగలిగినవాళ్లు సహజంగానే ఆరోగ్యవంతులు, చురుకైనవాళ్లు అయి ఉండొచ్చు. అప్పుడు ఆ లాభం భాషల వల్ల వచ్చిందా, వలస వెళ్లగలిగిన మనిషి తత్వం వల్ల వచ్చిందా అని ఎలా చెప్పడం? 2010లో మాంట్రియల్‌లో చేసిన పరిశోధనలో అక్కడే పుట్టిన ద్విభాషుల్లో, అంటే రెండు భాషలు మాట్లాడేవాళ్లలో, ఆ ఆలస్యం పెద్దగా కనబడకపోవడంతో అనుమానం ఇంకా బలపడింది.

హైదరాబాద్‌లో ఈ చిక్కుముడి చాలావరకు విడిపోతుంది. ఇక్కడ రెండు భాషలు రావడానికి ఎవరూ దేశం దాటక్కర్లేదు. ఇంట్లో తెలుగు, బజారులో దక్కనీ, ఆఫీసులో ఇంగ్లీషు. పాతబస్తీలో ఇంట్లో ఉర్దూ, బేరం తెలుగులో. తరతరాలుగా ఉన్నచోటే ఉంటూ మనిషి రెండు మూడు భాషల మధ్య తిరుగుతూ ఉంటాడు. రెండో సంగతి ఇంకా ముఖ్యమైనది. పశ్చిమ దేశాల్లో రెండో భాష చాలామందికి చదువుతో వస్తుంది కాబట్టి భాష ప్రభావాన్ని చదువు ప్రభావం నుంచి విడదీయడం కష్టం. ఇక్కడ ఒక్క అక్షరం రాని కూరగాయల వ్యాపారి మూడు భాషల్లో బేరమాడతాడు. బడికి వెళ్లని రోగులను విడిగా చూసినా ఆ తేడా కనిపించిందని పేపర్ చెబుతుంది. నా దృష్టిలో ఆ పేపర్ గుండెకాయ ఆ ఒక్క ఫలితమే. చదువు, ఆడా మగా, వృత్తి, పల్లె పట్నం అనే తేడాలను లెక్కలోకి తీసుకున్నా ఫలితం నిలిచింది. రెండు కన్నా ఎక్కువ భాషలు వచ్చినవాళ్లకు అదనపు లాభం కనిపించలేదని కూడా నిజాయితీగా రాశారు.

రచయితల జాబితా కూడా చూడండి. న్యూరాలజిస్టులతో పాటు భాషాశాస్త్రం నుంచి వసంత గారు, అప్పట్లో హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో ఉన్న కంప్యూటర్ సైన్స్ మనిషి బాపిరాజు గారు, ఎడిన్‌బరా నుంచి థామస్ బాక్ ఉన్నారు. ఈ ప్రశ్న ఏ ఒక్క శాఖా ఒంటరిగా తేల్చగలిగేది కాదు. ఇలాంటి జాబితా చూసినప్పుడు నాకు నమ్మకం పెరుగుతుంది. ఒకే ల్యాబ్‌లోని ఐదుగురే పాతిక పేపర్లలో వంతులవారీగా ముందూ వెనకా కనిపిస్తే మాత్రం కాస్త ఆగి చూస్తాను.

ఇప్పుడు ఆ పేపర్ లోపాలు చూద్దాం. గైడ్ పేపర్‌లో లోపం పట్టుకోలేని విద్యార్థి ఆ ల్యాబ్‌కు పనికిరాడని నా నమ్మకం, అందుకే ఇక్కడ ఎక్కువసేపు ఆగుతున్నాను. జబ్బు ఎప్పుడు మొదలైందో చెప్పింది రోగి కుటుంబసభ్యులు, అదీ గుర్తు తెచ్చుకుని. "నాన్నగారికి ఎప్పటినుంచి ఇలా ఉందండీ?" అంటే ఒక కొడుకు రెండేళ్లంటాడు, పక్కనే ఉన్న కోడలు నాలుగేళ్లంటుంది. అంతకన్నా పెద్ద సమస్య ఆసుపత్రి గుమ్మం దగ్గరే ఉంది. మన పల్లెల్లో డెబ్బై దాటిన మనిషి మర్చిపోతుంటే "పెద్దతనం, చాదస్తం" అని ఇంట్లోనే ఉంచేస్తారు. యాభై ఐదేళ్ల మనిషి పొలానికి దారి మర్చిపోతే మాత్రం భయపడి హైదరాబాద్ తీసుకొస్తారు. ఒకే భాష వచ్చినవాళ్లలో పల్లెవాళ్లు ఎక్కువ ఉంటే, క్లినిక్ దాకా చేరిన వాళ్ల సగటు వయసు భాషతో సంబంధం లేకుండానే తక్కువగా కనిపిస్తుంది. పల్లె పట్నం తేడాను లెక్కలో సరిచేశారు, నిజమే. కానీ ఎవరిని ఆసుపత్రికి తీసుకొస్తారు, ఎవరిని ఇంట్లో ఉంచేస్తారు అనేది అంత తేలిగ్గా సమీకరణంలో ఇమడదు.

ఇంకొకటుంది. రోగులను మాత్రమే చూస్తే జబ్బు ఎప్పుడు మొదలైందో తెలుస్తుంది గానీ, వందమందిలో ఎంతమందికి వస్తుందో తెలియదు. జబ్బు రానివాళ్లు ఆ రికార్డుల్లోనే ఉండరు. అందుకే ఆరోగ్యంగా ఉన్నవాళ్లను ముందే ఎంచుకుని ఏళ్ల తరబడి గమనించే పరిశోధనలు కావాలి. అలాంటి దాన్ని లారా జహోడ్నీ బృందం 2014లో ప్రచురించింది. న్యూయార్క్‌లో స్పానిష్ మాట్లాడే 1,067 మందిని గమనిస్తే, రెండు భాషలు వచ్చినంత మాత్రాన డిమెన్షియా ముప్పు తగ్గినట్టు కనిపించలేదు. తరవాత వచ్చిన మెటా అనాలిసిస్‌లు (చాలా పరిశోధనల ఫలితాలను కలిపి లెక్కించేవి) కూడా దాదాపు ఇదే చెప్పాయి. వెనక్కి చూసే క్లినిక్ పరిశోధనల్లో ఆలస్యం కనిపిస్తుంది, ముందుకు గమనించే వాటిలో ముప్పు తగ్గడం కనిపించదు. అసలు ఈ రంగంలో అనుకూల ఫలితాలే ఎక్కువగా అచ్చవుతున్నాయని ఏంజెలా డి బ్రూయిన్, సహ రచయితలు 2015లో చూపించారు. సదస్సుల్లో సమర్పించిన 104 సారాంశాలను తీసుకుని, వాటిలో ఏవి పూర్తి పేపర్లుగా మారాయో లెక్కపెట్టారు. ద్విభాషల వల్ల లాభం ఉందన్నవే ఎక్కువగా వెలుగు చూశాయి.

అంటే హైదరాబాద్ పేపర్ తప్పని తేలిందా? లేదు. జబ్బు వచ్చే ముప్పు వేరు, లక్షణాలు బయటపడే వయసు వేరు. మెదడులో నష్టం జరుగుతున్నా కొంతమంది దాన్ని ఎక్కువకాలం తట్టుకోగలరని, దాన్ని కాగ్నిటివ్ రిజర్వ్ అంటారని మీరు చదివే ఉంటారు. లోపల జబ్బు ఆగకపోయినా బయటపడటం ఆలస్యమైతే, ఆ రెండు రకాల ఫలితాలూ ఒకదానితో ఒకటి పొసగుతాయి. ఇది ఇంకా తేలని విషయం. కానీ ఒక పేపర్ ఇంతమందిని ఇన్ని రకాలుగా పని చేయించింది చూడండి, అదే నేను ప్రభావం అనేది.

ఇక్కడి నుంచి ఆమె తరవాతి పేపర్లు చదివితే ప్రశ్న ఎలా నడిచిందో కనిపిస్తుంది. 2016లో స్ట్రోక్ అనే జర్నల్‌లో, నిమ్స్ రిజిస్ట్రీలోని 608 మంది పక్షవాతం రోగుల మీద పేపర్ వచ్చింది. డిమెన్షియా నెమ్మదిగా వస్తుంది, మొదలైన రోజు ఎవరికీ తెలియదు. పక్షవాతం వచ్చిన తేదీ మాత్రం ఇంట్లో అందరికీ గుర్తుంటుంది. కాబట్టి "ఎప్పుడు మొదలైంది" అనే చిక్కు ఇక్కడ లేదు. పక్షవాతం తరవాత ఆలోచనాశక్తి మామూలుగా ఉన్నవాళ్లు ద్విభాషుల్లో 40.5 శాతం, ఒకే భాషవాళ్లలో 19.6 శాతం. మాట పడిపోవడంలో మాత్రం రెండు గుంపులకూ తేడా దాదాపు లేదు.

మాట పడిపోవడంలో తేడా లేదన్న ఆ ఫలితాన్ని చాలామంది చదవకుండా దాటేస్తారు. అలా దాటకుండా 2017లో వచ్చిన పేపర్ తెరవండి. అది ఫ్రంటోటెంపోరల్ డిమెన్షియా గురించి. ఈ జబ్బులో ఒక రకం ప్రవర్తనను దెబ్బతీస్తుంది, ఇంకో రకం భాషనే దెబ్బతీస్తుంది. ప్రవర్తన రకంలో ద్విభాషులకు జబ్బు ఆలస్యంగా మొదలైంది. భాష రకంలో ఆ లాభం కనిపించలేదు. రెండు పేపర్లు పక్కపక్కన పెడితే ఒకే సంగతి చెబుతున్నాయి. రెండు భాషలు వచ్చినవాళ్లు మాట్లాడిన ప్రతిసారీ ఒక భాషను వెనక్కి నెట్టి మరోదాన్ని ముందుకు తెస్తారు. ఆ సాధన వల్ల బలపడేది ధ్యాసనూ ఆలోచననూ అదుపు చేసే శక్తి. భాషా సామర్థ్యానికి దానివల్ల రక్షణ రాదు. ఈ వివరణ సరైనదని ఇంకా రుజువు కావాలి. కానీ "రెండు భాషలు మంచివి" అనే చదును మాట నుంచి, దేనికి మంచివి, దేనికి కావు అనే దాకా ప్రశ్న వచ్చింది. నేను ఏ పరిశోధకుడి ప్రొఫైల్ తెరిచినా వెతికేది ఇలాంటి కదలికనే.

ఈ పనంతటికీ ముందే, ఆమె మొదటి రచయితగా బ్రెయిన్ జర్నల్‌లో 2007లో ఒక పేపర్ ఉంది. కేంబ్రిడ్జ్‌లో జాన్ హాడ్జెస్ బృందంతో చేసినది. మతిమరుపుతో కాకుండా మాట తడబాటు, చూపు గందరగోళం, ప్రవర్తన మార్పు లాంటి లక్షణాలతో వచ్చిన 100 మంది మెదళ్లను మరణానంతరం పరీక్షిస్తే 34 మందిలో అసలు జబ్బు అల్జీమర్స్ అని తేలింది. డాక్టర్లకు ఇది చాలా పెద్ద సంగతి. పత్రికలకు మాత్రం ఇది వార్త కాదు. ప్రొఫైల్‌లో ఇలాంటి పేపర్లను వదిలేయకండి.

ఇక సైటేషన్లలో సరిగ్గా కనబడని పని గురించి. నాకు మనసుకు దగ్గరైనది ఇదే.

కొన్నేళ్ల క్రితం ఒక పల్లెలో ఒక పెద్దావిడకు జ్ఞాపకశక్తి పరీక్ష చేస్తూ "ఈరోజు తారీఖు ఎంతమ్మా?" అని అడిగాను. "ఏకాదశి కదా నాయనా, ఒక్కపొద్దున్నాను" అంది. "ఇప్పుడు ఏ కాలం?" అంటే "నాట్ల కాలం" అంది. రెండూ నిజమే. నా చేతిలో ఉన్న షీటు ప్రకారం రెండింటికీ సున్నా. ఆ రోజు నాకు బాగా అర్థమైంది, పరీక్షను తెలుగులోకి అనువదించడం వేరు, తెలుగువాళ్ల కోసం తయారు చేయడం వేరు.

అడెన్‌బ్రూక్స్ అనే జ్ఞాపకశక్తి, ఆలోచనాశక్తి పరీక్షనే చూడండి. ప్రపంచమంతా వాడే మంచి పరీక్ష, కేంబ్రిడ్జ్‌లో పుట్టింది. అందులో రాసినట్టు పలకని ఇంగ్లీషు పదాలు చదవమంటారు, "పింట్" అన్నట్టు రాసి "పైంట్" అని చదివే మాటల్లాంటివి. తెలుగులో రాసిందే చదువుతాం. ఆ ప్రశ్నకు మన భాషలో సమానమైనది దొరకదు. ఒక అక్షరంతో మొదలయ్యే పదాలు నిమిషంలో ఎన్ని చెప్పగలరో చూసే ప్రశ్న ఇంకోటి. ఇంగ్లీషులో "పి" అంటే సరిపోతుంది. తెలుగులో "ప" అంటే పాము, పిల్లి, పూలు లెక్కలోకి వస్తాయా రావా? అసలు అక్షరాలే రాని మనిషిని ఆ ప్రశ్న ఎలా అడగాలి? గుర్తుపెట్టుకుని చెప్పమనే చిరునామా ఇంగ్లండ్ వీధిది. దాన్ని మన చిరునామాగా మార్చాక రెండూ సమానంగా కష్టంగా ఉన్నాయని మళ్లీ వందలమంది మీద పరీక్షించి చూపాలి.

సువర్ణ గారి బృందం ఏళ్ల తరబడి ఈ పని చేసింది. అడెన్‌బ్రూక్స్ మూడో రూపాన్ని తెలుగు, హిందీ, ఉర్దూ, కన్నడ, తమిళం, మలయాళం, భారతీయ ఇంగ్లీషు అనే ఏడు భాషల్లో సిద్ధం చేసి 2020లో ఫలితాలు ప్రచురించారు. ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) ఆధ్వర్యంలో అదే కాలంలో వచ్చిన న్యూరో కాగ్నిటివ్ టూల్‌బాక్స్ అనే పరీక్షల సంపుటి తెలుగు, హిందీ, బెంగాలీ, కన్నడ, మలయాళం భాషల్లో ఉంది. చదువుకున్నవాళ్లకూ చదువుకోనివాళ్లకూ కొలత సరిపోయేలా తయారు చేశారు. ఒక జిల్లా ఆసుపత్రి డాక్టర్ ఈ పరీక్ష వాడి ఒక తాతయ్యకు సరైన జబ్బు పేరు చెబితే, ఆ డాక్టర్ ఎక్కడా పేపర్ రాయడు. ఆ సైటేషన్ ఎప్పటికీ రాదు. కానీ ఆ తాతయ్య ఇంట్లోవాళ్లు ఆయన్ని మొండివాడని తిట్టడం ఆపుతారు. నేను ఇది చాలా ఇళ్లలో చూశాను.

నా సొంత అనుభవం ఒకటి చెప్పాలి, మీ ప్రశ్నకు సూటిగా సంబంధం ఉంది కాబట్టి. పీహెచ్‌డీకి నేను మొదట గైడ్‌ను హెచ్-ఇండెక్స్ చూసే ఎంచుకున్నాను. పేరున్న ల్యాబ్. ఏడాదిన్నర పాటు అక్కడ ఒకే డేటాను ఐదు ముక్కలుగా కోసి ఐదు పేపర్లుగా పంపడం నేర్చుకున్నాను. ఏ ముక్కకూ ప్రశ్న లేదు. చివరికి ధైర్యం చేసి మారాను. రెండో గైడ్‌కు పేపర్లు మూడో వంతు కూడా లేవు. కానీ ఆవిడ మొదటి రోజే తన పాత పేపర్ నా చేతికిచ్చి, "ఇందులో నేను తప్పు చేసిన చోటు వెతికి రా" అన్నారు. వారం పట్టింది, దొరికింది. ఆ తప్పే నా థీసిస్ అయింది.

మీరు ఇప్పుడు చేయాల్సింది చెబుతాను. మీ జాబితాలో ఉన్న ఒక్కో గైడ్ పేపర్లలో, వాళ్లు మొదటి లేదా చివరి రచయితగా ఉన్నవి నాలుగు తీసుకోండి. మన రంగంలో మామూలుగా మొదటి పేరు పని చేసినవాళ్లది, చివరి పేరు ల్యాబ్ నడిపేవాళ్లది. ఆ నాలుగూ ఏళ్ల వరసలో చదవండి. తరవాత ప్రతి పేపర్‌నూ విమర్శిస్తూ వేరేవాళ్లు రాసింది ఒకటి వెతికి చదవండి. గైడ్ తరవాతి పేపర్‌లో ఆ విమర్శకు జవాబుందా అని చూడండి. పాత విద్యార్థులు ఇప్పుడు ఎక్కడున్నారో, వాళ్ల పేరు మొదటి రచయితగా ఎన్నిసార్లు వచ్చిందో కూడా చూడండి.

అలవాటు కోసం ముందు 2013 హైదరాబాద్ పేపర్, 2014 న్యూయార్క్ పేపర్ పక్కపక్కన పెట్టుకుని చదవండి. రెండింటిలో ఎవరిని లెక్కలోకి తీసుకున్నారు, ఎవరు బయట ఉండిపోయారు అన్నది మాత్రమే ఒక పేజీ తెలుగులో రాయండి. రాశాక ఇక్కడే పెట్టండి, చదివి నా అభిప్రాయం చెబుతాను. గైడ్‌లకు ఈమెయిల్ ఆ తరవాత పంపొచ్చు.